రెండు వందల మీటర్లు, మా అత్త కొలత

కాళ్ళు చచ్చుబడటం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు నెలలపాటు రోజుకు ఆరుసార్లు చచ్చుబడ్డాయి. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, మా ఇంటి వెనక బండ్ల బాట మీద, రేగుచెట్టు దాటగానే. అక్కడిదాకా బాగానే ఉరికొచ్చినదాన్ని, అక్కణ్ణుంచి తెల్లరాయి దాకా మోకాలి లోతు బురదలో నడుస్తున్నట్టు ఈడ్చుకుంటూ పోయేదాన్ని. తొడలు భగ్గున మండేవి. చేతులు బరువెక్కేవి. మెడ బిగుసుకుపోయి మూతి వంకర తిరిగేది. ఆ మొహం చూసి మా కూతురు ఒకసారి జడుసుకుని ఏడ్చింది కూడా.

మాది మద్దేడ్. హైవే పక్కనే ఇల్లు, వెనకాల రెండెకరాల పొలం, ఆ వెనక అడవి. వరి కోతలైపోతే ఊళ్ళో సగంమంది తెలంగాణలో మిరపతోటలకు పోతారు. మా ఆయన పోతాడు. పాపను చంకనేసుకుని నేనూ రెండేళ్ళు పోయాను. పగలంతా కాయలు ఏరడం, ఆ చేతులతోనే పిల్లకు అన్నం పెట్టడం, అది కళ్ళు నులుముకుని కేకలు పెట్టడం. ఆ ఏడాది ఫారెస్ట్ గార్డు భర్తీ పడిందని తెలియగానే నేను పట్టుకున్న ఆశ అదే. ఉద్యోగం వస్తే పాప ఒక చోట ఉండి చదువుకుంటుంది. రాకపోతే ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లను మళ్ళీ తోటలకు ఈడ్చుకుపోవాలి. మళ్ళీ భర్తీ ఎప్పుడు తీస్తారో ఎవడికి తెలుసు?

పరీక్షలో పరుగులు రెండు. పొద్దున రెండు వందల మీటర్లు, తర్వాత ఎనిమిది వందలు. పరుగు పేరెత్తగానే మా ఆయన గొణిగాడు, ఇంటి కోడలు ప్యాంటు వేసుకుని ఉరికితే ఊరు నవ్వుతుందని. నేను నోరు తెరిచేలోపే మా అత్త అందుకుంది.

"నవ్వితే నవ్వనీ. పండ్లున్నోళ్ళు నవ్వుతరు. నీకేంది నొప్పి? నువ్వు ఉరుకుతవా ఏమన్న?"

అంతే, ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మా అత్త సంగతి చెప్పాలి. మనిషి సన్నగా, చీపురుపుల్లలా ఉంటుంది గానీ నడకలో ఆమెను అందుకోవడం నావల్ల కాదు. మా ఇంట్లో తెలుగు, సంతలో దోర్లి, గోండి, పోలీసులు కనిపిస్తే హిందీ. బడి మొహం చూడలేదు. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు, దేని కాలంలో దానికి అడవిలోకి దూరుతుంది. నన్ను కోడలా అని ఎప్పుడూ పిలవలేదు. పెళ్ళయిన మర్నాటి నుంచీ బిడ్డా అనే. మా అమ్మ నన్ను పిలిచిన దానికంటే ఈమె పిలిచిందే ఎక్కువ. ఎందుకో తెలియదు గానీ, ఆ పిలుపు వింటే ఎంత కోపంలో ఉన్నా నాకు సగం చల్లారేది.

ఆమే నా కోచ్. నేను అంగన్‌వాడీ నుంచి పాపను తీసుకొచ్చేలోపు బాట కొలిచేసింది. భోపాల్‌పట్నంలో బట్టల కొట్టు సేటు దగ్గర మీటరు బద్ద చూసి, అంత పొడవున వెదురు కర్ర ఒకటి కోసుకొచ్చి, వంగి వంగి రెండు వందలసార్లు పరిచిందట. ఈ కొసన ఒక రాయి, ఆ కొసన సున్నం పూసిన తెల్లరాయి. ఆ సాయంత్రం నడుం పట్టేసి కూర్చోలేకపోయింది. నేనే ఇప్పనూనె రాశాను.

రోజూ పొద్దున ఆమె తెల్లరాయి దగ్గర నిలబడి కొంగు ఊపేది. కొంగు కిందికి రాగానే నేను పరుగు, ఆమె ఫోనులో గడియారం నొక్కడం. రాయి దాటి నేను పడిపోతుంటే ఫోను నా ముక్కుకు ఆనించి, "ఎంతైంది, చదువు" అనేది. నలభై ఒకటి. నలభై రెండు. ఒక్కోసారి నలభై మూడు. మంచి మార్కులు రావాలంటే ముప్పై అయిదు దాటకూడదని భర్తీకి సిద్ధమవుతున్న అమ్మాయిలు చెప్పుకునేవాళ్ళు. ముప్పై అయిదెక్కడ, నేనెక్కడ!

ఊపిరి తీసుకుంటానంటే ఊరుకునేది కాదు.

"కూసుంటే కాళ్ళు కట్టెలైతయ్ బిడ్డా. వేడి మీదనే ఇంకోపాలి ఉరుకు. ఆకు కోతల సగంల కూసుంటమా?"

నిజమే, తునికాకు కోతలో ఎండ ముదిరేలోపు పని తెముల్చుకోవాలి, మధ్యలో కూర్చోవడం అనేదే లేదు. ఆమెకు తెలిసిన కష్టం అదొక్కటే, ఆ లెక్కే నాకూ పెట్టింది. నేనూ ఎదురు చెప్పలేదు. రెండోసారికి నలభై నాలుగు, ఆరోసారికి అడగొద్దు.

నాకు రక్తం తక్కువేమో అనుకున్నాను. మా వైపు చాలామంది ఆడవాళ్ళకు ఉన్నదే. ఆసుపత్రికి పోయి చూపించుకుంటే నర్సమ్మ బాగానే ఉంది పొమ్మంది. బాగానే ఉంటే మరి ఈ కాళ్ళకేం రోగం? తిండి పెంచాను. అత్త గుడ్లు ఉడకబెట్టింది, రాగిజావ కాచింది, తను తినే చేపముక్క కూడా నా కంచంలోకి తోసింది. అయినా రేగుచెట్టు దాటితే అదే మంట. ఒకరోజు ఆ చెట్టు కిందే కూలబడి, అప్పటికే తోటలకు పోయిన మా ఆయనకు ఫోను చేసి, మిరపతోటలో నాకూ ఒక సాలు చూసిపెట్టు, వచ్చేస్తా అన్నాను. ఆయన సరే అన్నాడు. ఆ సరే విని ఇంకా ఎక్కువ ఏడ్చాను.

అత్త ఆ రాత్రి అన్నం కలిపి నోట్లో పెట్టబోయింది. "ఒక్క పాలి ఆ పట్నం ఆటల సారును అడుగుదం బిడ్డా. అడిగినంక పోదువు" అంది.

ఆటల సారంటే భోపాల్‌పట్నంలో బడిపిల్లలకు ఆటలు నేర్పే ఆయన. వ్యాపారస్తుల ఇంటి మనిషి, కొట్లో కూర్చోమంటే మైదానంలోకి పారిపోయిన రకం. ఇద్దరం బస్సెక్కి పోయాం. నా గోడంతా విని ఆయన నన్ను మైదానంలో నాలుగడుగులు ఉరికించి చూశాడు. తర్వాత నేలమీద పుల్లతో మూడు గుండ్రాలు గీశాడు.

"చూడమ్మా, కండకు మూడు పొయ్యిలుంటయ్. మూడూ ఒక్కసారే అంటుకుంటయ్, ఏది ఎక్కువ మండుతదన్నదే తేడా. మొదటిది ఎండాకుల మంట. కండల్నే తయారుగ ఉంటది, క్రియాటిన్ ఫాస్ఫేట్ అంటరు. భగ్గుమంటది, ఏడెనిమిది సెకన్లకు సగానికంటే ఎక్కువ ఖతం. రెండోది పుల్లల మంట. కండల దాచుకున్న చక్కెరను గాలి కోసం ఆగకుండ మండిస్తది. జోరుగనే ఉంటది గని పొగ ఎక్కువ. మూడోది మొద్దు. గాలి కావాలె, మెల్లగ మండుతది, గంటలు నడుస్తది. రెండొందల మీటర్లంటే ఎండాకులు, పుల్లలు. మొద్దు పని చానా తక్కువ."

"మరి నా తొడల మంట ఏంది సారూ?" అన్నాను.

"అదే పొగ. లాక్టిక్ యాసిడ్ అని అందరు దాన్నే తిడుతరు. పాపం, ఆ లాక్టేట్‌ను గుండె, కండలు మల్ల వాడుకుంటయ్. దాంతోని పాటు కండల పులుపు పేరుకుంటది, ఇరిగిన ఫాస్ఫేటు పేరుకుంటది. అప్పుడు కండ పట్టు సడలిపోతది. పైనుంచి మెదడు గూడ హుకుం తక్కువ జేస్తది. నువ్వు ఉరుకు అంటనే ఉంటవ్, కాలు ఇనదు."

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. పక్కన అత్త మాత్రం కళ్ళార్పకుండా ఆ మూడు గుండ్రాల వైపు చూస్తోంది. ఒక్క మాటన్నా ఆమెకు ఎక్కుతుందా అని నాకు లోపల నవ్వొచ్చింది. ఎంత పొగరో చూడండి నాకు.

తర్వాత సారు ఆరుసార్లు ఎలా ఉరుకుతున్నానో అడిగాడు. మధ్యలో ఆగట్లేదని చెప్పగానే తల పట్టుకున్నాడు. ఎండాకులు మళ్ళీ పోగుపడాలంటే కనీసం మూడు నాలుగు నిమిషాలు పడుతుందట. పోగుపడకముందే ఉరికితే వేగం నేర్చుకోవడం కాదు, పొగలో ఉరకడం నేర్చుకోవడమేనట. అత్త తల వంచుకుంది. చివరగా ఆయన నా టైము అడిగాడు. నలభై రెండు అన్నాను.

"నీ పరుగు జూస్తే అంత గాదే" అన్నాడు ఆయన కనుబొమలు ముడిచి. "బాట ఎవరు కొలిచిన్రు?"

ఆదివారం మోటారుసైకిల్ మీద టేపు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. మొదటి రాయి దగ్గర నేను టేపు కొస పట్టుకున్నాను, ఆయన లాక్కుంటూ పోయాడు. యాభై, వంద, నూటయాభై. రెండు వందల దగ్గర ఆగి మడమతో గీత గీశాడు. ఆ గీత రేగుచెట్టు మొదట్లో పడింది. తెల్లరాయి ఇంకా నలభై మీటర్ల అవతల ఎండలో మెరుస్తూ ఉంది.

సారు అత్తను పిలిచి ఎట్లా కొలిచావమ్మా అని అడిగాడు. ఆమె మురిసిపోతూ వెదురు కర్ర తెచ్చి చూపించింది. కర్ర పరిచి, దాని కొస దగ్గర తన అరచెయ్యి చాపి జానెడు కలిపి, అక్కణ్ణుంచి మళ్ళీ కర్ర పరిచింది.

"మీటరుకో జానెడు కొసరేసిన సారూ. ఇంటి పిల్లకు గీసినట్టు కొలుస్తనా?"

ఆమె చెయ్యే అంత. సంతలో చింతపండు తూచాక గుప్పెడు పైన వేస్తుంది. తునికాకు కట్టకు యాభై ఆకులైతే యాభై రెండు పెడుతుంది, చిరిగింది ఒకటి పక్కన పడేసినా తక్కువ కాకూడదని. పాపకు గౌను కుట్టిస్తే వచ్చే ఏడాదికి కూడా సరిపోవాలి. ఉన్నంతే కొలిచి ఇవ్వడం ఆమె దృష్టిలో పరాయివాళ్ళకు చేసే పని. అదంతా నాకు తెలుసు. ఆరేళ్ళుగా చూస్తున్నాను. కానీ ఆ క్షణాన అదేదీ తలకెక్కలేదు. సారు పగలబడి నవ్వడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు నెలల ఏడుపు, ఆసుపత్రి, మా ఆయనకు చేసిన ఫోను, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"నీ జానెడు నా కొంప ముంచింది గదనే!" అని అరిచాను. "సదువు రాదు, లెక్క రాదు, నీకెందుకీ పెత్తనం? నా నౌకరీ పోతె నా బిడ్డను నువ్వు సాకుతవా?"

అత్తను ఏకవచనంలో అనడం మా ఇళ్ళల్లో మామూలే. ఆ 'నే' మామూలు కాదు. సారు నవ్వు ఆపేశాడు. అత్త బాట మీద నడుచుకుంటూ పోయి, తెల్లరాయిని రెండు చేతులతో పెకలించి, పొట్టకు ఆనించుకుని, ఆ నలభై మీటర్లూ మోసుకొచ్చి గీత మీద పెట్టింది. నేను సాయం పోలేదు. పోవాల్సింది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను బిడ్డా అనడం మానేసింది. అలిగి మంచమెక్కడం, అన్నం మానడం లాంటివేమీ లేవు. వంట అదే, గుడ్డు అదే, పొద్దున కొంగు ఊపడం అదే. మాటలే కరువైపోయాయి. "నీళ్ళు" "అన్నం" "కానీ", అంతే. నాకేమో నోరు పెగలదు. తప్పు నాదని తెలుస్తూనే ఉంటుంది, రేపు చెబుదాం అనుకుంటాను, రేపు ఆమె మొహం చూసి మళ్ళీ మింగేస్తాను. పొగరుబోతు దానికి క్షమాపణ అడగడమంత కష్టం ఇంకోటి లేదు.

పరుగు మాత్రం పూర్తిగా మారింది. ఒకసారి ఉరికి రాగానే రేగుచెట్టు నీడలో గోనెసంచి పరిచి ఉండేది. అత్త ఫోను చేతిలో పట్టుకుని అంకెలకేసి చూస్తూ కూర్చునేది. అంకెలు చదవడం రాదు కాబట్టి నాలుగు అంకె ఆకారాన్ని సారు చేత నేలమీద గీయించుకుని గుర్తుపెట్టుకుందట. ఆ ఆకారం వచ్చేదాకా నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేది. ఆరుసార్లు నాలుగయ్యాయి. ఆ నాలుగూ ఒళ్ళు దాచుకోకుండా ఉరికాను. మొదటి రోజు ముప్పై అయిదు. వారానికి ముప్పై నాలుగు. ఆ అంకె చూపించినప్పుడు ఆమె పెదవులు కదిలాయి, బిడ్డా అంటుందేమోనని చూశాను. అనలేదు. తల ఊపి లేచి పోయింది.

మూడు వారాలకు పరీక్ష. బీజాపూర్‌లో మైదానం నిండా అమ్మాయిలు, ఛాతీకి నంబరు గుడ్డలు. వెంట వచ్చినవాళ్ళను కంచె బయటే ఆపేశారు. అత్త తెల్లారకముందే లేచి కట్టిన అన్నం మూట పట్టుకుని కంచెకు ఆనుకుని నిలబడింది. జాగ్రత్త అని కూడా అనలేదు.

రెండు వందల మీటర్లు ఎప్పుడు మొదలైందో ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియదు. గీత దాటాక కూడా తొడల్లో ఇంకా కొంచెం సత్తువ మిగిలే ఉంది. ముప్పై మూడు చిల్లర. నమ్మలేక రాసుకునే ఆయన్ని రెండుసార్లు అడిగితే విసుక్కున్నాడు. కంచె వైపు తిరిగి చేతివేళ్ళతో మూడు, మళ్ళీ మూడు చూపించాను. ఆమెకు ఎంత అర్థమైందో ఏమో, కొంగుతో మొహం తుడుచుకుంది.

ఎనిమిది వందలకు పిలిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మొదటి చుట్టు బాగానే పోయింది. రెండో చుట్టు సగంలో నాకు బాగా తెలిసిన ఆ చావు మళ్ళీ వచ్చింది. తొడలు మండాయి, తర్వాత మంట కూడా తెలియకుండా పోయింది, అది ఇంకా భయం. కాళ్ళు నావి కాదన్నట్టు అయిపోయాయి. చూపు ఇరుకైపోయి ముందున్న అమ్మాయి జడ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ జడ వెనకాలే పడుతూ లేస్తూ గీత దాటి, అక్కడే బోర్లా పడ్డాను. గడ్డి నోట్లోకి వచ్చింది. లేవమని ఎవరో అంటున్నారు గానీ లేచేది ఎవరు?

గేటు దగ్గర గోల వినిపించింది. కాపలా ఉన్నాయన హిందీలో వద్దు వద్దు అంటున్నాడు, అంతకంటే గట్టిగా ఇంకో గొంతు.

"మేరీ బేటీ గిరీ హై సాబ్! నా బిడ్డ పడ్డది, కనబడతలేదా? తప్పుకో!"

తల ఎత్తి చూసేలోపే నా చంకల కింద రెండు చేతులు దూరాయి. ఆ చీపురుపుల్ల మనిషికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"లే. పండకు. ఉరికినంక నడవాలె. నడిస్తె నెత్తురు తిరుగుతది, ఆ పులుపును మోసుకపోతది. పంటే కాళ్ళల్లనే నిలుస్తది. సారు చెప్పలే?"

ఆ మూడు గుండ్రాల దగ్గర నేను లోపల నవ్వుకున్న రోజు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను. ఆమె ఒక్క ముక్క వదలకుండా విన్నది. మరిచిపోయింది నేనే.

ఆమె భుజం మీద వాలి గడ్డి మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాం. సగం దూరంలో ఉండగా మైకులో నంబర్లు చదవడం మొదలుపెట్టారు, రెండు పరుగులూ దాటినవాళ్ళవి. అత్తకు నా నంబరు తెలియదు. నా మొహమే చూస్తూ నడుస్తోంది. నా నంబరు వచ్చినప్పుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఉన్నదా?"

"ఉన్నదత్తా. దాటిన. రెండూ దాటిన."

ఆమె కేక పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. నన్ను నడిపిస్తూనే ఉంది. నేనే ఆగి, ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సిందత్తా, నా నోరు పడిపోను అని ఏడ్చేశాను. ఆమె అది విననట్టే నా చెయ్యి మళ్ళీ తన భుజం మీదికి లాక్కుంది. మూడు వారాలుగా ఆమెను తొలిచేస్తున్నది నా మాట కాదని అప్పుడు తెలిసింది.

"రెండు నెలలు కాళ్ళు ఇరగ ఉరికితివి" అంది. "నలభై ఒకటి, నలభై రెండు అని ఏడిస్తివి. రక్తం లేదేమోనని దవాఖానకు పోతివి. నీ కాళ్ళనే అనుమానపడితివి. ఒక్కనాడన్న ఈ ముసల్ది ఎట్ల కొలిచిందో ఏమో, మల్ల కొలుద్దమని ఎందుకనుకోలేదే బిడ్డా?"

నాకు ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది.

"నువ్వు కొలిచినవ్ గదా అత్తా" అన్నాను.